గట్టి స్ప్రింగులు వేశాక మెత్తబడిన నా ఎక్స్‌పల్స్ ఫోర్కు

మొదటే చెప్పేస్తున్నా, బైకు ముందు ఫోర్కులో పాతవి తీసి వేసిన గట్టి స్ప్రింగుల మీద ఇది 94 కిలోల మనిషి రాస్తున్న రివ్యూ. హెల్మెట్, బూట్లు, జాకెట్, వీపు మీద రెండు లీటర్ల నీళ్ల సంచి కలిపితే 102. మీ బరువు 65, 70 దగ్గరుంటే నేను ఇక్కడ పొగిడిన ప్రతి మాటా మీ బండి విషయంలో తిట్టు అవుతుంది, కాబట్టి ముందు తూకం మిషన్ ఎక్కి రండి.

బండి 2022లో కొన్న హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ. ముందు 37 మిల్లీమీటర్ల మామూలు టెలిస్కోపిక్ ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే గొట్టాల కాళ్లు, ఒక్కోదాని లోపల స్ప్రింగు, ఆయిల్. 190 మిల్లీమీటర్ల ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ కదలగల దూరం, వెనకాల ఉన్న ఒక్క షాక్ అబ్జార్బర్‌కి 170. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. బండి బరువు 158 కిలోలు. నిజమైన డర్ట్ బైకు అనను, దీనికి హెడ్‌లైటు ఉంది, ఇండికేటర్లున్నాయి, పొద్దున ఆఫీసుకి కూడా ఇదే. కానీ నంబరు ప్లేటుతో ఇంటి నుంచి బయల్దేరి, మట్టిలో తిరిగి, అదే బండి మీద ఇంటికి రావాలంటే, అది కూడా అప్పుల పాలు కాకుండా రావాలంటే, నాలాంటివాడికి దొరికిన మట్టి దారుల బండి ఇదే.

నేను తిరిగేది ఎక్కువగా పరిగి, తాండూరు మధ్య. లింగంపల్లి నుంచి తెల్లవారుజామున లేచి చేవెళ్ల మర్రిచెట్ల కింద నుంచి మన్నెగూడ దాటితే అక్కడి నుంచి ఎటు చూసినా బండ్ల బాటలే. కంది చేల గట్లు, చెరువు కట్టలు, ఎర్రమట్టి మీద గోళీల్లా దొర్లే గులకరాళ్లు, బండల క్వారీల పక్కన లారీలు తొక్కి తొక్కి గుంతలు చేసిన దారులు. అనంతగిరి అడవి లోపలికి మాత్రం పోను, మీరూ పోకండి, ఫారెస్టు వాళ్లు పట్టుకుంటే బండితో పాటు మనమూ ఇరుక్కుంటాం, పైగా అది వాళ్ల తప్పు కాదు.

ఇక బాధ సంగతి. కొన్న రెండేళ్ల దాకా ముందు ఫోర్కు గట్టిగా ఉందనే అనుకున్నాను. వాగులోకి దిగేటప్పుడు బ్రేకు పట్టుకుంటే ముక్కు నేలలోకి దూరినట్టు కుంగేది, ఆ కుంగిన స్థితిలో ఒక రాయి తగిలితే మోచేతుల దాకా ఠంగుమని కొట్టేది. పిడికెడంత రాయికి కూడా అంతే. సాయంత్రానికి అరచేతులు వాచిపోయేవి. అందరూ ఒకటే సలహా, ఫోర్కు గట్టిగా ఉంది, ఆయిల్ పల్చగా వేయించు, టైర్లలో గాలి తగ్గించు. గాలి తగ్గించాను, రిమ్ము సొట్ట పడింది. లావు గ్లవ్స్ కొన్నాను. హ్యాండిల్ గ్రిప్పులు మార్చాను. మొత్తం లెక్కేస్తే ఆ డబ్బుతో ఈ స్ప్రింగులు అప్పుడే వచ్చేసేవి.

అసలు విషయం ఒక ప్లాస్టిక్ జిప్ టై వల్ల తెలిసింది. ఫోర్కు మీదున్న రబ్బరు తొడుగు పైకి లాగి, మెరిసే లోపలి గొట్టానికి, ఆయిల్ కారకుండా ఆపే సీలు పక్కనే ఒక టై బిగించి ఒక రౌండు తిరిగొచ్చాను. ఫోర్కు ఎంత కుంగితే టై అంత పైకి జరుగుతుంది. వచ్చి చూస్తే అది ట్రావెల్ చివరన, ఇక జరగడానికి చోటు లేని దగ్గర కూర్చుని ఉంది. ఎగిరి దూకింది లేదు, ఏమీ లేదు, మామూలు రౌండు. అంటే ఫోర్కు గట్టిగా ఉండటం కాదు, నా బరువుకి అది మొదటే సగం కుంగిపోయి, మిగిలిన కాస్త ట్రావెల్‌తో నెట్టుకొస్తోంది. లోపలికి వెళ్లేకొద్దీ గొట్టంలో ఆయిల్ పైనున్న గాలి నొక్కుకుపోయి అది కూడా ఒక స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది, చివరన అయితే ఇనుము ఇనుముకి తగలడమే. నేను రెండేళ్లుగా గట్టిదనం అనుకున్నది అదన్నమాట. మెత్త స్ప్రింగు వల్ల వచ్చిన గట్టిదనం. వినడానికి తిక్కగా ఉంటుంది, నాకూ అలాగే అనిపించింది.

దీనికి మన దగ్గర రెండు ఇంటి వైద్యాలున్నాయి, రెండూ చేయించుకున్నవాణ్నే. ఒకటి, ఫోర్కు మూత విప్పి స్ప్రింగు మీద నాలుగు వాషర్లో రూపాయి బిళ్లలో పెట్టి బిగించడం. దీంతో ముందు భాగం కాస్త లేస్తుంది, అంతే. స్ప్రింగుని ముందే కొంచెం నొక్కి పెట్టడం వల్ల దాని గట్టిదనం మారదు, అది మొదలయ్యే ఎత్తు మారుతుంది. రెండోది, ఫోర్కు ఆయిల్ బదులు ఇంజిన్ ఆయిల్ పోయడం. నా బండికి ఒకాయన 20డబ్ల్యూ40 పోశాడు, ఒక వారం బాగుందనుకున్నాను, తర్వాత ఒక దాని వెనక ఒకటి గుంతలు వచ్చే చోట ఫోర్కు కుంగినది లేవడానికి టైం సరిపోక అలాగే కిందికి దిగబడిపోతూ వచ్చింది, మూడో గుంతకి నేను పొలం గట్టు మీద ఉన్నాను. ఆయిల్ చేసేది కదలికని నెమ్మదింపజేయడం, బరువు మోయడం కాదు. బరువు మోసేది స్ప్రింగే.

కొనే ముందు సాగ్ కొలిచాను. పేరు సాగ్ కానీ సాగేదేం లేదు, బరువు పడ్డప్పుడు ఎంత కుంగుతుందో ఆ లెక్క. ఇంజిన్ అడుగున ఉండే బాష్ ప్లేటు (రాళ్లు తగలకుండా ఆపే రేకు) కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపి, చక్రం యాక్సిల్ మధ్య నుంచి, ఫోర్కుని బండికి బిగించే రెండు క్లాంపుల్లో కింది దాని దాకా టేపుతో ఒక కొలత. బండి నేల మీద నిలబెట్టి రెండోది. నేను మొత్తం సరంజామాతో ఫుట్‌పెగ్గుల మీద నిలబడ్డాక మూడోది. మా బావమరిది టేపు పట్టాడు, పక్కింటాయన బండి పడకుండా వెనకాల పట్టుకున్నాడు, కింద వాచ్‌మన్ మాత్రం పొద్దున్నే ఈయనకేమైందన్నట్టు చూశాడు. ఒక చిట్కా, ఫోర్కులో సీళ్ల రాపిడి ఉంటుంది కాబట్టి ఒకసారి కిందికి నొక్కి మెల్లగా వదిలి కొలవండి, ఇంకోసారి పైకి లాగి మెల్లగా వదిలి కొలవండి, రెండింటి సగటు తీసుకోండి, లేదంటే ప్రతిసారీ ఒక అంకె వస్తుంది.

నాకు వచ్చినవి ఇవి. ఉత్త బండికే 35 మిల్లీమీటర్లు, నేనెక్కితే 72. మొత్తం ట్రావెల్ 190లో 72 అంటే 38 శాతం నేను నిలబడగానే ఖర్చయిపోయింది. మట్టి బండికి మనిషితో కలిపి మూడో వంతుకి లోపు, అంటే 57 నుంచి 63 దాకా ఉంటే బాగుంటుందని ఎక్కువమంది పెట్టుకునే లెక్క. ఇది చూశాక ఇంక ఎవర్నీ అడగలేదు.

స్ప్రింగులు పుణెలో ఉన్న ఒక చిన్న వర్క్‌షాపు నుంచి తెప్పించాను. పేరు రాయడం లేదు, ఎందుకో కింద తెలుస్తుంది. ఫోన్‌లో మాట్లాడిన మనిషి మొదట అడిగింది నా బరువు, తర్వాత సామాన్లతో కలిపి ఎంత, వెనకాల ఎవరైనా కూర్చుంటారా, రోడ్డెక్కువా మట్టెక్కువా. ఈ ప్రశ్నలు అడగకుండా ఎక్స్‌పల్స్‌కి ఒకటే స్ప్రింగు, అందరికీ సూటవుతుంది సార్ అనేవాళ్ల దగ్గర కొనకండి. నాకు 0.60 రేటున్నది పంపిస్తానన్నాడు, అంటే ఒక్కో మిల్లీమీటరు నొక్కడానికి 600 గ్రాముల బరువు పడాలి, ఒక్కో కాలికి. జత 4,800, కొరియర్‌తో కలిపి 5,050. ఆరు రోజుల్లో వచ్చింది.

డబ్బా విప్పితే ముందు నిరాశే. పాతదానికన్నా పొట్టిగా ఉంది, తీగ చూస్తే లావే కానీ చూపుకి తెలిసేంత లావు కాదు. దీనికా ఐదు వేలు అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, కాలేజీలో చదివినదే, స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. తీగ ఐదు శాతం లావైతే చాలు గట్టిదనం ఇరవై శాతం పైనే పెరుగుతుంది. చుట్లు తగ్గినా గట్టిపడుతుంది. కాబట్టి కంటితో చూసి తక్కువ అంచనా వేయకండి. చుట్టుడు నీట్‌గా ఉంది, రెండు చివర్లూ చదునుగా అరగదీసి ఉన్నాయి, పైన నల్ల పెయింటు మాత్రం గోటితో గీకితే రాలింది. ఆ పెయింటు రేపు ఆయిల్లో కలిసి సీళ్ల దగ్గరికి పోతుంది కాబట్టి నేను డీజిల్‌లో ముంచి బ్రష్షుతో రుద్ది, రాలేదంతా రాల్చేశాకే వేశాను. ఈ ధరకి ఇది మన పని కాకూడదు.

బిగించడానికి మా ఏరియా మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్లాను. ఈయన పాతికేళ్లుగా ఫోర్కులు విప్పుతున్నాడు. స్ప్రింగు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "తమ్మీ, గట్టి స్ప్రింగు ఏస్తే నడుము పోతది, మల్ల నా మీదికి రావొద్దు" అన్నాడు. "నువ్వు బిగియ్యన్నా, నడుము సంగతి నేను చూసుకుంటా" అన్నాను. పని చేయడం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది ఆయనది. పై క్లాంపు బోల్టు వదులు చేసి, ఫోర్కు బండికి ఉండగానే మూత ఒక చుట్టు కదిలించి పెట్టుకున్నాడు, బయటికి తీశాక ఆ మూత కదిలించాలంటే వైస్‌లో పెట్టాల్సి వస్తుంది, గొట్టం నొక్కుకుపోతుంది. బ్రేకు క్యాలిపర్ విప్పి దాని పైపు మీద వేలాడదీయకుండా తీగతో ఫ్రేముకి కట్టాడు. పాత ఆయిల్ వంచితే బొగ్గు నీళ్లలా వచ్చింది, అడుగున వెండి రంగు పొడి. ఇన్నాళ్లూ ఆ ఆయిల్ మీదే తిరిగానా అని సిగ్గేసింది. ఎలాగూ విప్పాం కదా అని ఆయిల్ సీళ్లు, డస్ట్ సీళ్లు కూడా కొత్తవి వేయించాను.

ఇక్కడ వచ్చింది తిరకాసు. స్ప్రింగు పొట్టిది కాబట్టి దాని మీద కూర్చోవడానికి కిట్‌లోనే రెండు పీవీసీ పైపు ముక్కలు పంపారు, స్పేసర్లు. అన్న రెండింటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి నా వైపు చూశాడు. ఒకటి 146 మిల్లీమీటర్లు, ఒకటి 140. ఆరు మిల్లీమీటర్ల తేడా! అదీ ఒక చివర వంకరగా కోసి ఉంది, రంపం పెట్టినవాడు ఫోన్‌లో మాట్లాడుతూ కోసినట్టుంది. ఫోన్ చేస్తే ఆ మనిషి కాదనలేదు, వేరేవి పంపిస్తానన్నాడు, అవి రావడానికి మళ్లీ వారం. పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమైంది కదా, స్ప్రింగు బాగా చేసినవాణ్ని పైపు ముక్క దగ్గర రోడ్డు మీద నిలబెట్టడం నాకిష్టం లేదు, అలాగని పొగిడి మీకు పంపడమూ ఇష్టం లేదు.

ఆదివారం ట్రిప్పు పోతుందని నేను ఆగలేక ఉన్నవే వేయమన్నాను. అలా వేసి కొలిస్తే ఉత్త బండికి 20, నాతో కలిపి 50 వచ్చింది. అంటే స్పేసర్లు పొడుగెక్కువై స్ప్రింగుని ముందే ఎక్కువ నొక్కేశాయి. మర్నాడు హార్డ్‌వేర్ షాపులో అదే సైజు మందపాటి పైపు ఒక అడుగు కొని, రెండు ముక్కలు 135కి కోయించి, చివర్లు ఆకురాయితో చదును చేసి వేశాం. స్పేసరుకీ స్ప్రింగుకీ మధ్య ఇనుప వాషరు తప్పకుండా ఉండాలి, లేకపోతే స్ప్రింగు చివర ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ఇప్పుడు ఉత్త బండికి 28, నాతో 58. అచ్చంగా నాకు కావలసిన అంకె. ఇంకో సంగతి గమనించండి, ముందు నా బరువు ఒక్కదానికే ఫోర్కు 37 మిల్లీమీటర్లు కుంగేది, ఇప్పుడు 30. ఆ రెండూ భాగిస్తే కొత్తది పాతదానికన్నా సుమారు ఇరవై మూడు శాతం గట్టిదని ఇంట్లో టేపుతోనే తేలిపోయింది, అమ్మినవాడి మాట మీద ఆధారపడక్కర్లేదు.

ఆయిల్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా మొదటి రైడు పాడైంది దీనివల్లే. పాత లెక్క ప్రకారం కొలిచి పోసేశాం, ఒక్కో కాలికి కంపెనీ చెప్పినంత. కానీ కొత్త స్ప్రింగు తీగ లావుది, స్పేసరు కూడా కొత్తగా వచ్చి చేరింది, ఇవి రెండూ ఎంత చోటు తింటే ఆయిల్ అంత పైకొస్తుంది, పైన గాలికి మిగిలే జాగా తగ్గుతుంది. గాలి జాగా తగ్గితే చివరి మూడో వంతు ట్రావెల్ రాయిలా ఎదురు తిరుగుతుంది. పరిగి దాటాక మొదటి వాగులోనే తెలిసిపోయింది, టై చివరికి దాదాపు నాలుగు వేళ్లు ముందే ఆగిపోయింది. ఎన్ని మిల్లీలీటర్లు పోశామన్నది కాదు, ఆయిల్ ఎక్కడిదాకా ఉందన్నదే లెక్క. స్ప్రింగు తీసేసి, ఫోర్కు పూర్తిగా కిందికి నొక్కి, గొట్టం పై అంచు నుంచి ఆయిల్ దాకా స్కేలుతో కొలవాలి. రెండు కాళ్లకీ ఒకటే ఉండాలి. ఇంటికొచ్చి మందుల షాపులో పెద్ద సిరంజి, ఒక సన్న పైపు కొని రెండు కాళ్లలోనూ ఆయిల్ ఇరవై మిల్లీమీటర్ల మేర కిందికి దిగేదాకా లాగేశాను. దీనికి చక్రం కూడా విప్పక్కర్లేదు, ముందు చక్రం గాల్లో ఉంచి మూత, స్పేసరు, స్ప్రింగు తీస్తే చాలు. మూత విప్పేటప్పుడు చివరి చుట్టు దగ్గర అరచేయి గట్టిగా అదిమి పెట్టండి, లేకపోతే అది సీలింగు ఫ్యానుకి తగులుతుంది, నాది తగల్లేదు కానీ చెవి పక్కనుంచి పోయింది.

చిక్కదనం కూడా మార్చాను. స్ప్రింగు గట్టిపడితే అది వెనక్కి లేచే వేగమూ పెరుగుతుంది, ఈ ఫోర్కుకి ఆ వేగం తగ్గించే స్క్రూ ఏదీ లేదు, ఉన్న మార్గం ఆయిల్ ఒక్కటే. మొదట 10 వేశాను, బండి గుంత దాటాక హ్యాండిలు ఛాతీ మీదికి వచ్చేది. 15 వేశాక కుదుటపడింది. డబ్బా మీద 10, 15 అని ఉన్నంత మాత్రాన అన్ని కంపెనీలవీ ఒకేలా ఉండవు, ఒకరి 10 ఇంకొకరి 15కి దగ్గరగా ఉండొచ్చు, కాబట్టి మొదట ఏది వాడారో తర్వాత కూడా అదే కంపెనీలో పైకీ కిందికీ మారండి.

సరే, ఇంతకీ ఎలా ఉంది?

మూడో ఆదివారం, అన్నీ సరిచేశాక, అదే దారి. క్వారీ దారిలో లారీ టైర్లు చేసిన గుంతలు వరసగా ఉంటాయి, అక్కడ ఎప్పుడూ రెండో గేరులో నక్కి నక్కి పోయేవాణ్ని. ఈసారి మూడో గేరులో నిలబడి పోయాను, ముందు చక్రం దాని పని అది చేసుకుంటూ పోయింది, నా చేతులకి పని లేదు. పిడికెడు రాళ్లు ఇప్పుడు రాళ్లలా లేవు. ఫోర్కు పైభాగంలో, మెత్తగా ఉండే చోట పని చేస్తోంది, అంతే తేడా. వాగులోకి దిగేటప్పుడు బ్రేకు పట్టుకుంటే కుంగుతుంది కానీ మునగదు, ఇంకా మిగిలి ఉందన్న ధైర్యం ఉంటుంది. చెరువు కట్ట దిగి మట్టి రోడ్డెక్కే దగ్గర ఒక చిన్న గెంతు ఉంటుంది, పాత ఫోర్కుతో అక్కడ ప్రతిసారీ ఠంగు, ఈసారి ఒక మెత్తటి దెబ్బ. ఇంటికొచ్చి చూస్తే టై చివరికి బొటనవేలంత దూరంలో ఉంది. రోజంతా తిరిగితే ఒకటి రెండుసార్లు చివరిదాకా పోవాలి, లేకపోతే ఉన్న ట్రావెల్ దండగే. సాయంత్రం ఇంట్లో నీళ్ల బాటిల్ మూత నేనే తీసుకున్నాను, ఇది చిన్న విషయం కాదు, ఇంతకుముందు మా ఆవిడ తీసిచ్చేది.

హైదరాబాదు రోడ్ల మీద కూడా తేడా ఉంది. ఫ్లైఓవర్ దిగి సిగ్నల్ దగ్గర గట్టిగా ఆపితే బండి ముక్కు మీద నిలబడటం లేదు. స్పీడ్ బ్రేకర్లు హాయి. కానీ చిన్న చిన్న అతుకులు, రోడ్డు కోసి పూడ్చిన చోట్లు, అవి కాస్త ఎక్కువ తెలుస్తున్నాయి, ముఖ్యంగా నెమ్మదిగా పోయేటప్పుడు. రోడ్డు మీదే తిరిగేవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు.

ఇంకొకటి అమ్మినవాడు చెప్పలేదు, మెకానిక్ చెప్పలేదు, నాకు నేనే పడి తెలుసుకున్నది. ముందు భాగం లేచింది కదా, నేనెక్కినప్పుడు పాతదానికన్నా 14 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, వెనకాల మాత్రం పాత ఎత్తే. దాంతో బండి కుర్చీలో వెనక్కి వాలినట్టయింది, సన్నటి మలుపుల్లో ముందు చక్రం మాట వినకుండా బయటికి జారుకోవడం మొదలెట్టింది. ఒక కంది చేను మూలలో నేరుగా చేలోకే పోయాను. తాండూరు కందిపప్పుకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ చేను తొక్కితే రైతు ఊరుకోడు, ఊరుకోలేదు కూడా, చెప్పాల్సింది చెప్పాడు, నేను తలొంచుకుని విన్నాను. వెనక షాక్‌కి పది మెట్ల ప్రీలోడ్ ఉంది, అంటే స్ప్రింగుని ముందే ఎంత నొక్కి పెట్టాలో మార్చుకునే ఏర్పాటు, నాలుగులో ఉన్నదాన్ని ఏడుకి మార్చి, ముందు ఫోర్కు గొట్టాలు క్లాంపులో అయిదు మిల్లీమీటర్లు పైకి జరిపాక మళ్లీ పాతలా తిరుగుతోంది. ఫోర్కు ఒక్కటే మార్చి వెనక్కి చూడకుండా వదిలేస్తే సగం పనే అవుతుంది. నిజానికి నా బరువుకి వెనక స్ప్రింగు కూడా మార్చాలి, ప్రీలోడ్‌తో లాగిస్తున్నాను.

ఇక స్ప్రింగులు చేయలేనిది. ఈ ఫోర్కులో ఉన్నది పాతకాలపు డ్యాంపర్ రాడ్, అంటే ఒక గొట్టానికి చిల్లులు, ఆయిల్ వాటిలోంచి దూరాలి. చిల్లుల్లోంచి ఆయిల్‌ని రెండింతల వేగంతో తోస్తే అది నాలుగింతలు ఎదురు తిరుగుతుంది. అందుకే మెల్లగా కుంగేటప్పుడు ఆపేవాడు లేడు, వేగంగా పోతూ పదునైన రాయి అంచు తగిలితే మాత్రం చిల్లుల దగ్గర ఆయిల్ ఇరుక్కుపోయి దెబ్బ చేతికొస్తుంది. 60 దాటి పోతూ తాండూరు బండ ముక్క ఎక్కితే ఇప్పటికీ కొడుతుంది, ఆయిల్ 15 వేశాక అది కాస్త పెరిగింది కూడా. దీనికి మందు స్ప్రింగు కాదు, ఎమ్యులేటర్ అనే వాల్వు ఉంటుంది, రేస్‌టెక్ లాంటి కంపెనీలు ఎప్పటినుంచో చేస్తున్నాయి, డ్యాంపర్ రాడ్ చిల్లులు పెద్దవి చేసి దాని నెత్తిన ఇది కూర్చోబెడతారు, దెబ్బ గట్టిగా తగిలినప్పుడు వాల్వు తెరుచుకుని ఆయిల్‌ని వదిలేస్తుంది. మంచిదే, కానీ రాడ్‌కి చిల్లులు పెద్దవి చేశాక మళ్లీ పాత స్థితికి రావాలంటే కొత్త రాడ్ కొనాల్సిందే. నేను ఇంకా ఆ ధైర్యం చేయలేదు.

దీని బదులు ర్యాలీ కిట్టే వేసుకోవచ్చు కదా అని మా బావమరిది అడిగాడు. హీరో వాళ్లు 2020లో ఆ కిట్ తెచ్చినప్పుడు ధర 38 వేలు, ముందు 250, వెనకాల 220 ట్రావెల్, అడ్జస్ట్ చేసుకునే ఫోర్కు. తర్వాత 2023లో అదే సరుకుతో 4వీ ప్రో అని ఫ్యాక్టరీ నుంచే బండి తెచ్చారు. సీటు ఎత్తు 891 మిల్లీమీటర్లు. నా ఎత్తు అయిదు అడుగుల ఏడు అంగుళాలు, ఎక్కాక కాలి మునివేళ్లు నేలకి తగులుతాయో లేదో అన్నట్టుంటుంది, సిగ్నల్ దగ్గర పక్క ఆటో మీద చేయి వేసి నిలబడాలి. నా బండి సీటు 820 పైచిలుకు, అదే నాకు ఎక్కువ. పొడుగువాళ్లు, డబ్బున్నవాళ్లు, ఇంకా బండి కొననివాళ్లు నేరుగా ప్రో చూసుకోండి, ఈ గొడవంతా లేదు.

ఖర్చు లెక్క. స్ప్రింగులు కొరియర్‌తో 5,050, సీళ్లు, ఆయిల్ రెండుసార్లు పోసింది కలిపి 1,900 చిల్లర, మెకానిక్ అన్నకి 800, పైపు ముక్కకీ సిరంజికీ కలిపి వంద లోపు. ఎనిమిది వేలకి కాస్త తక్కువ. స్ప్రింగుకి పదికి తొమ్మిది, ఆ పెయింటు వల్ల ఒకటి కోశాను. కిట్ మొత్తానికి ఏడు, అదీ స్పేసర్ల సంగతి ఫోన్‌లో ఒప్పుకున్నాడు కాబట్టి. వారానికి పంపిస్తానన్న కొత్త స్పేసర్లు నిజంగానే వచ్చాయి, ఈసారి రెండూ సమానమే, 140, కానీ నాకు కావలసింది 135, కాబట్టి అవి టూల్ డబ్బాలో పడున్నాయి.

ఇప్పటికి ఆరు నెలలు, 4,000 కిలోమీటర్ల దాకా తిరిగింది. సాగ్ మొన్న మళ్లీ కొలిస్తే 59, ఒక మిల్లీమీటరు తేడా, అది స్ప్రింగు మెత్తబడి కావచ్చు, సంక్రాంతికి ఊరెళ్లొచ్చి కావచ్చు. ఎడమ కాలి సీలు దగ్గర సన్నటి తేమ కనిపిస్తోంది, మట్టి చేరిందేమో, ఒక ప్లాస్టిక్ ఫిల్ము ముక్క లోపలికి దూర్చి తుడిచాను, ప్రస్తుతానికి ఆగింది. మెకానిక్ అన్న దగ్గరికి వానాకాలం అయ్యాక ఆయిల్ మార్పించడానికి వెళ్తే, బండి మీద కూర్చుని రెండుసార్లు నొక్కి చూసి, ఆ పుణె నంబరొకటి ఇయ్యి తమ్మీ, నా దగ్గరికి ఇంకో ఇద్దరు బరువైనోళ్లు వస్తరు అన్నాడు. ఇచ్చాను, స్పేసర్లు మాత్రం ఇక్కడే కోసుకోమని చెప్పి.